పెళ్లాం లేని వీరుడు, మొగుడు లేని వీరనారి

కళాకారులకు స్వేచ్ఛ ఇస్తే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. వందల కథలు పుట్టుకొస్తాయి. ఏది చూడాలో తేలక జనానికి టెన్షన్. మావో పాలన చివరి దశాబ్దంలో సాగిన సాంస్కృతిక విప్లవం రోజుల్లో చైనా ప్రభుత్వం ప్రజల నెత్తి మీంచి ఈ బరువు దించేసింది. రాజులు, మంత్రులు, పండితులు, అందగత్తెలు ఉన్న పాత ఒపెరాలను అటకెక్కించి, 1967 మేలో బీజింగ్‌లో ఎనిమిది ‘ఆదర్శ’ ప్రదర్శనలు ఇప్పించింది. ఐదు ఒపెరాలు, రెండు బ్యాలేలు, ఒక సింఫనీ. ఆ సింఫనీ కూడా ‘షాజియాబాంగ్’ ఒపెరా కథే కనుక, అసలు కథలు ఏడే. ‘ఎనభై కోట్ల మందికి ఎనిమిది ఆటలు’ అని జనమే చెప్పుకున్నారు. అంటే ఆటకు పది కోట్ల మంది ప్రేక్షకులు. ఏ నిర్మాతకు దక్కుతుందీ అదృష్టం?

నాటకమే కదా అని తేలిగ్గా తీసుకునే వాళ్లకు ఒక మాట. మింగ్ వంశపు రాజుల కాలం నాటి నిజాయితీపరుడైన అధికారి హాయ్ రుయ్ మీద చరిత్రకారుడు వూ హాన్ ఒక ఒపెరా రాశాడు. 1965 నవంబరులో దాన్ని దుమ్మెత్తిపోస్తూ వచ్చిన వ్యాసంతోనే సాంస్కృతిక విప్లవానికి తెర లేచింది. వూ హాన్ 1969లో నిర్బంధంలోనే పోయాడు. ఆ తర్వాత రచయితలకు క్రమశిక్షణ బాగా అలవడిందని వేరే చెప్పాలా!

రచనలో కష్టమంతా పాత్రల దగ్గరే కదా. దానికీ ఒక సూత్రం కనిపెట్టారు. పాత్రలందరిలో మంచివాళ్లు పైకి కనిపించాలి. మంచివాళ్లలో వీరులు ఇంకా పైకి. వీరుల్లో ప్రధాన వీరుడు అందరికంటే పైకి. సంగీతజ్ఞుడు యూ హుయియోంగ్ చెప్పిన ఈ మూడు మెట్ల సూత్రం సినిమాలకీ పాకింది. వీరుడు దగ్గరగా, పెద్దగా, వెలుగులో. శత్రువు దూరంగా, చిన్నగా, చీకట్లో. వీరుడి ముఖం మీద ఎర్రటి కాంతి, దుర్మార్గుడి ముఖం మీద పాలిపోయిన ఆకుపచ్చ లైటు. ఎవడు మంచివాడో తెలియడానికి కథ చూడనక్కర్లేదు, లైటు చూస్తే చాలు.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది మాత్రం సంసారాల నిర్వహణ. వీరులకు ఇల్లు, పిల్లలు ఉంటే విప్లవానికి టైమెక్కడిది? ‘షాజియాబాంగ్’లో టీకొట్టు నడిపే ఆచింగ్ వదినకు మొగుడున్నాడు. కానీ గొడవపడి వ్యాపారానికని షాంఘై వెళ్లాడట. ఆట అయిపోయేదాకా రాడు. ‘ఎర్ర లాంతరు’లో నాయనమ్మ, తండ్రి, కూతురు ఒకే ఇంట్లో కాపురం. తీరా చూస్తే ముగ్గురికీ రక్తసంబంధమే లేదు. 1923 రైల్వే సమ్మెలో అయినవాళ్లను పోగొట్టుకున్న వాళ్లు ఒక కుటుంబమయ్యారు. ‘రేవులో’ అనే ఒపెరాలో నాయకురాలు పార్టీ కార్యదర్శి. ఆమె మొగుడి సంగతి ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు.

‘తెల్లజుట్టు పిల్ల’కు చేసిన రిపేరు ఇంకా గట్టిది. 1945లో కమ్యూనిస్టుల స్థావరం యానాన్‌లో ఆడిన పాత ఒపెరాలో, అప్పు కింద కూతుర్ని రాసివ్వాల్సి వచ్చిన రైతు యాంగ్ బైలావ్ విషం తాగి చనిపోతాడు. కూతురు షీయర్‌ను భూస్వామి చెరుస్తాడు, ఆమెకు బిడ్డ పుడుతుంది. బ్యాలేకి వచ్చేసరికి తండ్రి కావడి బద్ద ఎత్తి తిరగబడి పోతాడు. అత్యాచారం లేదు, బిడ్డా లేదు. చివర్లో ఆ అమ్మాయి చేతికి తుపాకీ వస్తుంది. పెళ్లికి ముహూర్తం వెతికే బాధ తప్పింది. పేద రైతు నిస్సహాయంగా చావడం కూడా వర్గ పోరాటానికి అప్రతిష్ఠే అని, చచ్చేవాళ్లకూ నియమాలు పెట్టిన ప్రభుత్వం ఇది.

వీటన్నిటి మీద పెత్తనం మావో భార్య జియాంగ్ చింగ్‌ది. 1935లో షాంఘైలో నటిగా ఉన్నప్పుడు ఆవిడ వేసిన పేరున్న పాత్ర, నార్వే రచయిత ఇబ్సెన్ నాటకంలో మొగుణ్ణి, పిల్లల్ని వదిలి గడప దాటే నోరా. రంగస్థలం మీద సంసారాలు ఎత్తేయడంలో ఆవిడకు ముందే అనుభవం ఉందన్నమాట. జనానికి ఎనిమిది ఆటలు పెట్టిన ఈవిడ తనకోసం హాలీవుడ్ తార గ్రెటా గార్బో సినిమాలు వేయించుకుని చూసేది. వంటచేసేవాళ్లకు వేరే పథ్యం ఉండటం సహజమే!

1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్ వచ్చినప్పుడు జియాంగ్ చింగ్ ఆయన పక్కన కూర్చుని ‘ఎర్ర మహిళా దళం’ బ్యాలే చూపించింది. కాలి వేళ్ల కొసల మీద నిలబడి రైఫిళ్లు గురిపెట్టే అమ్మాయిలను చూసి పెట్టుబడిదారీ లోకపు పెద్దన్న చప్పట్లు కొట్టాడు. యూరప్ రాజదర్బారుల్లో పెరిగిన నాట్యంతో హైనాన్ ద్వీపంలోని భూస్వామిని ఎలా కూల్చవచ్చో ఆ రాత్రి రుజువైంది.

నటులకు ఉద్యోగ భద్రత కూడా బాగానే ఉండేది. సూత్రం చెప్పిన యూ హుయియోంగ్ 1975లో సాంస్కృతిక మంత్రి అయ్యాడు. ‘ఎర్ర లాంతరు’ వీరుడు హావో లియాంగ్, ‘ఎర్ర మహిళా దళం’ వీరుడు ల్యూ చింగ్‌తాంగ్ ఉప మంత్రులయ్యారు. వేషం బాగా వేస్తే శాఖ దొరికే పద్ధతి.

1976లో మావో పోయాడు, జియాంగ్ చింగ్ అరెస్టయింది. మరుసటి ఏడు యూ హుయియోంగ్ విచారణలో ఉండగానే ప్రాణం తీసుకున్నాడు. ల్యూ చింగ్‌తాంగ్‌కు 17 ఏళ్ల జైలుశిక్ష పడింది. స్టేజీ మీద ఆయన్ను మర్రిచెట్టు కింద తగలబెట్టింది భూస్వామి మనుషులు. జైలుకు పంపింది మాత్రం పార్టీ పాలనే. ఈ సీనులో ఆకుపచ్చ లైటు ఎవరి మీద వేయాలో మూడు మెట్ల సూత్రంలో రాసి లేదు.