పరమాణువులో ఆ ఖాళీ ఎక్కడుంది?

వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతున్న సందేశమొకటి మళ్లీ చుట్టూ తిరుగుతోంది. సారాంశం ఇదీ: పరమాణువు చిట్టి సౌరకుటుంబం, కేంద్రకం సూర్యుడు, ఎలక్ట్రాన్లు గ్రహాలు, మధ్యలో 99.99 శాతం పైనే ఖాళీ. ఆ ఖాళీ తీసేస్తే మనుషులందరూ ఒక్క చక్కెర బిళ్లలో పడతారు. కాబట్టి మనం దేన్నీ నిజంగా తాకం, అంతా మాయ.

మొదట సౌరకుటుంబం. 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకం ఉందని చెప్పినప్పుడే ఈ బొమ్మకు చిక్కొచ్చింది. ఆవేశమున్న కణం గుండ్రంగా తిరిగితే కాంతి రూపంలో శక్తి పోగొట్టుకోవాలి. ఆ లెక్కన హైడ్రోజన్ ఎలక్ట్రాన్ సెకనులో వంద కోట్లో వంతు గడవకముందే కేంద్రకంలో పడిపోవాలి. 1913లో బోర్ ‘ఫలానా కక్ష్యల్లో శక్తి పోదు’ అని షరతు పెట్టి గండం గట్టెక్కించాడు. హైడ్రోజన్ వర్ణపటానికి (అది వెలువరించే కాంతి రంగుల గీతలకు) అది సరిపోయింది, హీలియం దగ్గరే బోల్తా కొట్టింది. 1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చాక కక్ష్యలు పోయి ఆర్బిటాళ్లు, అంటే ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికే అవకాశం ఎంతో చెప్పే మేఘాలు, మిగిలాయి. అసలు భూస్థాయిలో, అంటే అతి తక్కువ శక్తి స్థితిలో, ఉన్న హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం (చుట్టూ తిరగడానికి కొలత) సున్నా. గ్రహంలా చుట్టూ తిరిగేదానికి అది సున్నా ఎలా అవుతుంది?

ఇక ఖాళీ. ఎలక్ట్రాన్‌ను గోళీలా ఊహించుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది. కేంద్రకం చాలా చిన్నదన్న మాట నిజమే: ప్రోటాన్ వ్యాసార్ధం 0.84 ఫెమ్టోమీటర్లు, హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ దొరికే అవకాశం అన్నిటికన్నా ఎక్కువున్న దూరం 53 పికోమీటర్లు (పికోమీటరంటే వెయ్యి ఫెమ్టోమీటర్లు). అంటే 60 వేల రెట్లకు పైనే. కానీ ఆ జాగా అంతటా ఎలక్ట్రాన్ తరంగ ప్రమేయం (ఎక్కడ దొరికే అవకాశం ఎంతో నిర్ణయించేది) పరుచుకుని ఉంటుంది, కేంద్రకం ఉన్నచోట కూడా. స్ఫటికం మీద ఎక్స్-కిరణాలు వేస్తే వాటిని చెదరగొట్టేది ఈ ఎలక్ట్రాన్ సాంద్రతే. ప్రోటీన్ల నిర్మాణాలు కనిపెట్టేవాళ్లు మ్యాపులు గీసేదీ దానికే. ద్రవ్యరాశి దాదాపు అంతా కేంద్రకంలోనే ఉందనండి, ఒప్పుకుంటాను. ద్రవ్యరాశి తక్కువున్న చోటల్లా ఖాళీ అంటే మాత్రం కుదరదు.

చక్కెర బిళ్ల లెక్క పెద్దగా తప్పు కాదు. కేంద్రకమంత సాంద్రతలో ఒక ఘన సెంటీమీటరు దాదాపు 23 కోట్ల టన్నులు తూగుతుంది. మానవాళికి రెండు బిళ్లలు కావాలేమో, అంతే! తప్పల్లా ‘ఖాళీ తీసేస్తే’ అనడంలో ఉంది. ఎలక్ట్రాన్‌ను ఇరుకులోకి నెడితే అనిశ్చితత్వ నియమం వల్ల (చోటు ఎంత ఇరుకైతే వేగం అంత అనిశ్చితం) దాని శక్తి పెరుగుతుంది. పైగా 1925లో పౌలీ చెప్పిన వర్జన నియమం ఒకే క్వాంటం స్థితిలోకి రెండు ఎలక్ట్రాన్లను రానివ్వదు. ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన శ్వేత కుబ్జ తారలు కుప్పకూలకుండా నిలబడేది ఎలక్ట్రాన్లు ఇలా ఇరుకుకు ఎదురుతిరగడం వల్ల పుట్టే ఒత్తిడి మీదే. సూర్యుడి ద్రవ్యరాశికి దాదాపు 1.4 రెట్లు దాటితే అదీ ఆపలేదని సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లెక్కగట్టాడు. అలా ఇంకా కుప్పకూలి, దాదాపు కేంద్రకమంత సాంద్రతగల న్యూట్రాన్ తార ఏర్పడేటప్పుడు ఎలక్ట్రాన్లు ప్రోటాన్లతో కలిసి న్యూట్రాన్లవుతాయి. అక్కడ పోయింది ఖాళీ కాదు, ఎలక్ట్రాన్లే.

‘దేన్నీ తాకం’ అన్నదానికి సందేశం చెప్పే కారణం, ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసేసుకుంటాయని. కానీ పరమాణువు మొత్తమ్మీద తటస్థం. కాస్త ఎడంగా ఉన్నప్పుడు రెండు పరమాణువులు స్వల్పంగా ఆకర్షించుకుంటాయి కూడా; గోడ మీద బల్లి పట్టు ప్రధానంగా ఆ వాండర్‌వాల్స్ బలంతోనే. మరీ దగ్గరై ఎలక్ట్రాన్ మేఘాలు ఒకదానిలోకొకటి చొరబడితే అప్పుడు ప్రధానంగా పౌలీ నియమమే అడ్డుపడుతుంది. కుర్చీ మనల్ని మోస్తోందంటే ఆ మేఘాలు అప్పటికే కలిశాయన్నమాట.

మిగిలింది మాయ. శంకరాచార్యులు హైడ్రోజన్‌ను కొలిచి చెప్పిన మాట కాదది, దాన్ని ఇందులోకి లాగకండి.