పండుగ మొదలయ్యాక ఆగిపోయే పాట

అక్టోబరు 31 రాత్రి హాలోవీన్ గుమ్మడికాయలు తీసిన బల్ల మీదే తెల్లారేసరికి క్రిస్మస్ చెట్టు నిలబడుతుంది. అమెరికాలో కొన్ని రేడియో స్టేషన్లు నవంబరు మొదట్లోనే రోజంతా పండుగ పాటలకు మారిపోతాయి. ఫిలిప్పీన్స్‌లో అయితే పేరు చివర ‘బర్’ ఉన్న నెల వస్తే చాలు, సెప్టెంబరు 1 నుంచే సందడి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమని ఏటా విసుక్కోవడమూ ఆనవాయితీగా మారింది. ఆ విసుగులో న్యాయం ఉంది కానీ గురి తప్పిందని మా అభిప్రాయం. తప్పు మొదలుపెట్టిన తేదీలో కన్నా దుకాణాల్లో వినిపిస్తున్న పాటల జాబితాలో ఎక్కువగా ఉంది.

తేదీని వెనక్కి లాగడం కొత్త సంగతేమీ కాదు. 1939లో నవంబరుకు అయిదు గురువారాలు వచ్చాయి. అమెరికా కృతజ్ఞతల పండుగ థాంక్స్‌గివింగ్ చివరి గురువారమైన 30న పడితే, అది అయ్యాక మొదలయ్యే క్రిస్మస్ కొనుగోళ్లకు రోజులు చాలవని వర్తకులు మొత్తుకున్నారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దాన్ని 23కి జరిపారు. రాష్ట్రాలు రెండుగా చీలాయి. నాలుగో గురువారమే అని 1941లో చట్టం చేసేదాకా ఆ గొడవ తెగలేదు.

ముందుగా మొదలుపెట్టక తప్పనివాళ్లూ ఉన్నారు. సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని నాలుగు గొంతులుగా పాడే గాయక బృందం వారానికి ఒక్కసారే కలుస్తుంటే, కొత్త కరోల్స్ (క్రిస్మస్ గీతాలు) పట్టుబడటానికి రెండు నెలలైనా కావాలి. అంటే సాధన అక్టోబరులోనే మొదలవ్వాలి. వాళ్లను ఎవరూ తప్పుపట్టరు, ఎందుకంటే ఆ పాట తలుపులు మూసిన గదిలో ఉంటుంది.

దుకాణంలో తలుపులు తెరిచే ఉంటాయి, కానీ సరుకు కొనడానికి వచ్చినవాడికే బయటికి పోయే వీలు. అతడు ఇరవై నిమిషాల్లో ఆరేడు పాటలు విని వెళ్లిపోతాడు. గల్లా దగ్గర కూర్చున్న మనిషి సంగతి లెక్కవేద్దాం. మూడేసి నిమిషాల 40 ట్రాక్‌లంటే రెండు గంటలు. ఎనిమిది గంటల షిఫ్ట్‌లో ప్రతి ట్రాకూ నాలుగుసార్లు తిరుగుతుంది. అసలు తిరకాసు ఇక్కడే ఉంది: ఆ నలభైలో వేరువేరు గాయకులు పాడిన ఒకే పాటలు చాలా ఉంటాయి. బాణీలు పదహారే అనుకుంటే ఒక్కో బాణీ రోజుకు పదిసార్లు. నవంబరు 1 నుంచి డిసెంబరు 24 వరకు 54 రోజులు. వారానికి అయిదు షిఫ్టుల చొప్పున దాదాపు 38 పనిదినాలు. ఒకే బాణీ 380 సార్లు! పదేపదే ఎదురైనదాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వవేత్త రాబర్ట్ జాయోంక్ 1968లో చూపించిన మాట నిజమే. ఆ ఇష్టానికీ ఒక హద్దు ఉంటుంది, అది దాటాక జారుడే.

చెవికి కలిగే ఇబ్బంది ఇంకొకటి. ఈ పాటల్లో చాలావాటికి మంచుబండి మువ్వలు తోడు. ఆ చప్పుడు మన చెవి బాగా చురుగ్గా పట్టే 2,000-5,000 హెర్ట్జ్ పరిధిలో, ఆపైన గలగలలాడుతుంది. పైకప్పులో బిగించిన చిన్న స్పీకర్లు బాస్‌ను, అంటే మంద్రమైన ధ్వనులను, సరిగా పలికించవు. దాంతో పాట పలచబడి మువ్వలే మిగులుతాయి. మేనేజరు పాట వినబడటం లేదని సౌండ్ పెంచుతాడు. నిజానికి చేయాల్సింది ట్రెబుల్‌ను, అంటే ఆ సన్నని పైస్థాయి ధ్వనులను, రెండు మూడు డెసిబెల్స్ తగ్గించడం. చేతికందే దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే సౌండ్ సరిగ్గా ఉన్నట్టే.

పాట వేస్తే అమ్మకాలు పెరుగుతాయన్న నమ్మకంలోనూ కొంత సవరణ అవసరం. 1982లో రొనాల్డ్ మిల్లిమాన్ ప్రచురించిన సూపర్‌మార్కెట్ ప్రయోగంలో నెమ్మది సంగీతం ఉన్నప్పుడు జనం నెమ్మదిగా నడిచారు, అమ్మకాలు పెరిగాయి. అక్కడ తేడా తెచ్చింది లయ. పండుగ పేరుతో దానికి పనిలేదు. హుషారు పాటలతో జనాన్ని పరుగులు పెట్టిస్తే ఎవరికి లాభమో వర్తకులే చూసుకోవాలి.

కాబట్టి మేం కోరేది నిషేధం కాదు. ట్రాక్‌లు కాదు, బాణీలు లెక్కపెట్టండి. ఒక షిఫ్ట్‌లో ఏదీ తిరిగి రాకుండా ఉండాలంటే వేరువేరు బాణీల 160 ట్రాక్‌లు కావాలి. అన్నీ పండుగవే కానక్కర్లేదు, సగం వాద్య సంగీతం కావచ్చు. పాటల వరసను కలిపేసే షఫుల్ బటన్‌ను నమ్ముకోవద్దు, ఒకే పాట రెండు గొంతుల్లో వరసగా వచ్చినా దానికి తెలియదు. నవంబరంతా అయిదింట ఒకటి, డిసెంబరు సగం దాకా రెండింట ఒకటి, చివరి పది రోజులూ పూర్తిగా పండుగ పాటలే వేయండి. సరుకు సర్దే పొద్దుటి గంటలో ఏదీ వద్దు. ఇంకో మాట: సొంతానికి కట్టిన స్ట్రీమింగ్ చందాతో దుకాణంలో పాటలు వేయడం సాధారణంగా ఆ సేవల నిబంధనలకు విరుద్ధం. ‘సైలెంట్ నైట్’ 1818 నాటి పాట కాబట్టి ఎవరి సొత్తూ కాదన్నది నిజమే, నిన్న మొన్న చేసిన రికార్డింగ్‌కు మాత్రం హక్కుదారు ఉంటాడు.

అన్నిటికన్నా వింత డిసెంబరు 26న కనిపిస్తుంది. చర్చి లెక్క ప్రకారం నవంబరు 27, డిసెంబరు 3 మధ్య వచ్చే ఆదివారంతో మొదలయ్యేది ఆగమన కాలం, అంటే ఎదురుచూపు. పండుగ 25న మొదలై పన్నెండు రోజులు, జనవరి 5 దాకా నడుస్తుంది. ఎదురుచూడాల్సిన రోజులన్నీ హోరెత్తించి, పండుగ రెండోరోజుకే స్పీకర్లు నోరు మూసుకుంటాయి. నవంబరులో మిగిల్చిన పాటల్ని ఆ రోజులకు దాచి, సాయంత్రం ఒక గంట వేయవచ్చు. 25 దాటాక వేయడానికి ‘జింగిల్ బెల్స్’ ఉండనే ఉంది. 1857లో అచ్చయిన ఆ మంచుబండి షికారు పాటలో క్రిస్మస్ అన్న మాటే లేదు.