పండేదాకా ఆగమన్నారు

నీటికాసుల (గ్లకోమా) వల్ల మా నాన్న ఎడమ కన్ను పోయి రెండేళ్లయింది. కోపం ఎవరి మీద చూపించాలో తేలక ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. మొన్న మా వీధిలో మైకు కట్టుకుని ఆటో తిరిగింది. ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి: "ఉచిత కంటి శిబిరం, శుక్లాలున్నవారు రండి" అని. అది విన్నాక ఇక ఊరుకోలేకపోయాను. పోస్టు పెద్దదే, ఓపికున్నవాళ్లు చదవండి.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఇవతల మేము, 1936 నుంచి ఒడిశా. ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ. మా అమ్మ ఒడియా గడగడా మాట్లాడుతుంది కానీ ఒక్క అక్షరం చదవలేదు. ఆ సంగతి మళ్లీ వస్తుంది.

నాన్న ముప్ఫై ఏళ్లు రైసు మిల్లులో పద్దులు రాశారు. మిల్లు మానేశాక ఇంట్లో చిన్న చిన్నవి మొదలయ్యాయి. గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తగిలేది. కంచం పక్కన పెట్టిన మజ్జిగ గ్లాసు చెయ్యి తగిలి ఒలికేది. గుడి మెట్ల దగ్గర ఒకసారి తూలారు. "కాస్త చూసుకుని నడవండి నాన్నా" అని కసిరింది నేనే. పేపరు మాత్రం రోజూ చదివేవారు, అక్షరాలన్నీ కనబడేవి. ఇక కళ్లకేం జబ్బు?

శిబిరానికి తీసుకెళ్లాను. స్కూలు వరండాలో వందల మంది. టార్చి లైటు వేసి ఒక్క క్షణం చూశారు. "మోతియా (శుక్లం) ఉంది, ఇంకా పండలేదు, ఆరు నెలలాగి రండి" అన్నారు. మేం బుద్ధిగా ఏడాది పైనే ఆగాం. అసలు శుక్లం పండేదాకా ఆగాలన్నదే పాత లెక్క, ఇప్పటి ఆపరేషన్లకి ఆ అవసరం లేదట. అదీ తర్వాతే తెలిసింది. మధ్యలో ఒక కళ్లద్దాల షాపులో గాలి ఊదే మిషను మీద కంటి ప్రెజర్ (కంటి లోపలి ఒత్తిడి) చూపించాం. 18 వచ్చింది. "నార్మల్, ఏం టెన్షన్ పడకండి" అన్నారు. ఆ చీటీ ఇంకా నా దగ్గరే ఉంది.

చివరికి గుణుపురం-విశాఖ పాసింజర్ ఎక్కాం. విశాఖలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించి, అరగంట కూర్చోబెట్టి, లోపలి నరం చూసింది. చూశాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీటికాసులండీ" అంది. నాన్న వెంటనే "నాకు కళ్లలోంచి నీళ్లెప్పుడూ కారలేదే అమ్మా" అన్నారు.

ఈ జబ్బుకి పేర్లే శత్రువులు. తెలుగులో నీటికాసులంటే నీళ్లు కారాలేమో అనుకుంటారు. హిందీ డాక్టర్లు కాలా మోతియా అంటారు. మోతియా అన్న మాట చెవిన పడగానే మా వైపు జనానికి శుక్లమే గుర్తొస్తుంది, ఆగొచ్చులే అనిపిస్తుంది. కానీ రెండూ వేరు. శుక్లమంటే కంట్లో లెన్సు మసకబారడం, మార్చేస్తే చూపు తిరిగొస్తుంది. నీటికాసులలో పాడయ్యేది కంటి నుంచి మెదడుకి వెళ్లే నరం. అందులో పది లక్షలకు పైగా పోగులుంటాయి. తెగిన పోగు మళ్లీ అతుక్కోదు. ఎక్కువమందిలో మొదట పక్కల చూపు పోతుంది, నడిమి చూపు చివరిదాకా మిగిలే ఉంటుంది. నాన్న పేపరు చదివారు కానీ గుమ్మం చూడలేదంటే ఇందుకే. పోయిన చోట నల్లగా కనబడుతుందనుకుంటాం, అలా ఉండదు. మెదడు ఆ ఖాళీని చుట్టుపక్కల రంగుతో పూడ్చేస్తుంది, రెండో కన్ను మిగతాది కప్పేస్తుంది. ఫీల్డ్ టెస్టులో (పక్కల చూపు ఎంతుందో కొలిచే పరీక్ష) తేడా తేలేసరికే ఆ నరం కణాల్లో పావు వంతో, అంతకు మించో చచ్చిపోయి ఉంటాయని పరిశోధకులు లెక్క కట్టారు.

మరి ఆ 18 సంగతి? నన్ను ఎక్కువ రోజులు నిద్రపోనివ్వనిది అదే. 21 దాటితే జబ్బు, లోపుంటే క్షేమం అన్న గీత మామూలు జనం సగటు నుంచి లెక్క వేసి గీసింది, అంతే. అమెరికాలో బాల్టిమోర్‌లో ఇంటింటికీ తిరిగి చూసినప్పుడు నీటికాసులున్నవాళ్లలో సుమారు సగం మందికి మొదటిసారి కొలిస్తే ప్రెజర్ ఆ గీత లోపలే ఉంది. పైగా ప్రెజర్ పగలొకలా, రాత్రొకలా ఉంటుంది. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, పల్చగా ఉంటే మిషను తక్కువ చూపిస్తుంది. నాన్నది పల్చటి కార్నియా.

నాది దానికి సరిగ్గా తలకిందులు. నాకు 24 వచ్చింది. ఇంట్లో ఏడుపులు. డాక్టరమ్మ కార్నియా మందం కొలిచి, నరం చూసి, ఫొటో తీసి, "నరం బాగుంది, మందు వద్దు, ఆరు నెలలకోసారి రండి" అంది. నాకు నమ్మకం కుదరక వెతికి చదివాను. ప్రెజర్ ఎక్కువుండి నరం బాగున్న 1,600 మందికి పైగా జనాన్ని అమెరికాలో ఏళ్ల తరబడి చూశారు. 2002లో ఫలితాలు వచ్చాయి. ఐదేళ్లలో ప్రెజర్ తగ్గించే చుక్కలు వేసుకున్నవాళ్లలో 4.4 శాతానికి, వేసుకోనివాళ్లలో 9.5 శాతానికి జబ్బు మొదలైంది. అంటే చుక్కలు ముప్పుని సగానికి తగ్గించాయి. కానీ చుక్కల్లేకుండా ఉన్నవాళ్లలో కూడా నూటికి తొంభై మంది ఆ ఐదేళ్లూ బాగానే ఉన్నారు. ఎవరికి ముప్పు ఎక్కువో చెప్పిన గుర్తుల్లో పల్చటి కార్నియా ముఖ్యమైనది. 18 ఉన్న నాన్నకి కన్ను పోయింది, 24 ఉన్న నేను మందు లేకుండా తిరుగుతున్నాను. ఇంకా ఎవరైనా "ప్రెజర్ నార్మల్" అని చీటీ రాసిచ్చి పంపేస్తే ఆ చీటీని నేనేం చేసుకోవాలి?

శిబిరాలు వద్దని నేననడం లేదు. మా మేనత్తకి చూపొచ్చింది శిబిరం వల్లే. మన దేశంలో చూపు పోవడానికి పెద్ద కారణం శుక్లమే, కాదనను. కానీ శిబిరానికి లెక్క ఆపరేషన్లు. ఎన్ని శుక్లాలు తీశారన్నదే బోర్డు మీద రాస్తారు. నరం సరిగ్గా చూడాలంటే చుక్కలు వేసి అరగంట ఆగాలి. ఆ అరగంటకి బోర్డు మీద చోటు లేదు. 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్లు పెద్ద సర్వే చేశారు. హైదరాబాద్‌లో ఓపెన్ యాంగిల్ అనే రకం నీటికాసులు బయటపడ్డవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా, తమకా జబ్బు ఉందన్న సంగతే తెలియదు. హైదరాబాద్ గతే అదైతే గజపతి జిల్లా కొండల మీద సవర గూడేల సంగతి ఊహించుకోండి.

ఇంటింటికీ తిరిగి అందరికీ పరీక్ష చేయండి అని కూడా అడగను, అది ఖర్చుకి తగ్గ ఫలితం ఇవ్వదని చెప్పే పరిశోధకులు చాలామందే ఉన్నారు. నేనడిగేది చిన్నది. నలభై దాటాక చత్వారం అద్దాల కోసం మనిషి తనంతట తనే వస్తాడు. వాకిట్లోకి వచ్చినవాణ్ణి అద్దాలు అమ్మి పంపేయకుండా, లోపల నరం ఒకసారి చూడగలిగినవాళ్ల దగ్గరికి పంపండి. అలా పంపే కాగితం తెలుగులో కూడా ఇవ్వండి. అమ్మకి ఇచ్చిన కాగితం ఒడియాలో ఉంటే, అది బియ్యం డబ్బా మీద మూతగా మూడు నెలలుంది.

ఇక వైద్యం. నాన్న ఎడమ కంటికి ఆపరేషన్ చేశారు, కుడి కంటికి లేజర్. వీధిలో అప్పటినుంచీ ఒకటే మాట: "విశాఖ దాకా వెళ్లి ఆపరేషన్ చేయించినా చూపు రాలేదట". రాదండీ! ఆ ఆపరేషన్ ఉన్నది నిలబెట్టడానికి, పోయింది తేవడానికి కాదు. ఇది ముందే చెప్పరు, చెప్పినా శుక్లం ఆపరేషన్ చూసినవాళ్ల బుర్రకెక్కదు. ఈ ఒక్క మాట వల్ల మా వీధిలో ఇంకో ఇద్దరు ఆసుపత్రికి వెళ్లడం మానేశారు.

లేజర్ అనగానే మా బావ "కన్ను కాల్చేస్తారు" అని గోల చేశాడు. నిజానికి అది కొన్ని నిమిషాల పని, కోత లేదు, నాన్న అదే రోజు సాయంత్రం టీ తాగుతూ కూర్చున్నారు. చుక్కలకి బదులు లేజర్‌తోనే మొదలుపెడితే ఎలా ఉంటుందని బ్రిటన్‌లో పెద్ద పరిశోధన చేశారు, 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మూడేళ్లకి లేజర్ వాళ్లలో 74 శాతం మందికి చుక్కల అవసరమే రాలేదు, ఆరేళ్లకి కూడా 70 శాతం దాకా అలాగే ఉన్నారు. 2022 నుంచి అక్కడ మొదటి వైద్యంగా లేజర్నే ముందు పెట్టమంటున్నారు. నా ఉద్దేశంలో ఇది లండన్ వాళ్ల కంటే మాలాంటి ఊళ్లకే ఎక్కువ పనికొస్తుంది. కొన్ని చుక్కల సీసాలు తెరిచేదాకా ఫ్రిజ్‌లో ఉంచాలి, మేలో మా కరెంటు సంగతి మీకు తెలుసు. నెల నెలా కొనాలి, ప్రతి రాత్రీ గుర్తుండాలి, ఏ నొప్పీ లేని జబ్బుకి జీవితాంతం. నాన్న మొదట్లో ఒక్కో కంట్లో మూడు నాలుగు చుక్కలు పోసేవారు, సగం బుగ్గ మీదుగా చొక్కా మీదకి. ఒక్క చుక్క చాలు, వేసుకుని కన్ను మూసి ముక్కు పక్క మూలని రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరుకి ఆ మాట ముందే చెప్పాలి, టిమోలాల్ చుక్కలు వాళ్లకి ప్రమాదం. ఇవి నాకు ఏ చీటీ మీదా కనబడలేదు, అడిగి తెలుసుకున్నాను.

మందుల షాపు సంగతి చెప్పకుండా ఉండలేను. మా చిన్నాన్నకి కళ్లు దురద. షాపులో ఒక చిన్న సీసా ఇచ్చారు, వేసుకోగానే హాయి. రెండేళ్లు అదే వేసుకున్నారు. అది స్టెరాయిడ్. కొందరికి స్టెరాయిడ్ చుక్కలు వారాల్లోనే కంటి ప్రెజర్ పెంచేస్తాయి, అలా పెరిగి పెరిగి నరం చస్తుంది. నీటికాసులకి మిగతా కారణాలు చాలావరకు మన చేతిలో లేవు: వయసు, వంశం, దూరపు చూపు బాగా తక్కువుండటం. చేతిలో ఉన్నవాటిలో ఇదొకటి. దీన్నేమో చాక్లెట్లా అమ్ముతున్నారు.

అమ్మకి చూపిస్తే కంటి కోణం (కంట్లోని నీరు బయటికి పోయే దారి) ఇరుకుగా ఉందన్నారు. ఆసియా వాళ్లలో, అందులో ఆడవాళ్లలో ఇది ఎక్కువ. వెంటనే లేజర్‌తో కంట్లో చిన్న రంధ్రం పెట్టించాలని ఒక డాక్టరన్నారు, వద్దు చూద్దాం అని ఇంకొకరన్నారు. నాకు మొదటివాళ్లే జాగ్రత్తపరులనిపించింది. కానీ చైనాలోని గ్వాంగ్‌జౌలో ఇలాంటి 889 మందికి ఒక కంటికి రంధ్రం పెట్టి, రెండోది వదిలేసి ఆరేళ్లు చూశారు. పెట్టిన కళ్లలో ఇబ్బందులు తగ్గిన మాట నిజమే, కానీ పెట్టని కళ్లలో కూడా వచ్చినవి చాలా తక్కువ. అందరికీ పెట్టేయక్కర్లేదని తేల్చారు. కాబట్టి అమ్మకి ఏడాదికోసారి చూపిస్తున్నాం. రాత్రి కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతి, దీపాల చుట్టూ రంగుల వలయాలు వస్తే తెల్లారేదాకా ఆగొద్దన్నారు.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో నందివర్ధనం పువ్వులు, తేనె చుక్కలు, ఇప్పుడు కొత్తగా విటమిన్ బి3. పువ్వులు కళ్ల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, పెట్టుకోండి. తేనె కంట్లో వేయకండి. బి3 మీద చిన్న పరిశోధనల్లో కాస్త ఆశ కనబడింది, పెద్దవి మొదలుపెట్టారు. వాళ్లు వాడే మోతాదు పెద్దది, కాలేయం మీద ఒక కన్నేసి ఉంచాలి. గ్రూపులో చూసి డబ్బాలు ఆర్డర్ పెట్టకండి.

అసలు ఈ పోస్టు నా చుట్టాల కోసం. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో రోగుల తోబుట్టువుల్ని, పిల్లల్ని చూస్తే, మిగతా ఇళ్లవాళ్ల కంటే వాళ్లకి ముప్పు తొమ్మిది రెట్లు ఉందని తేలింది. నాన్నకి ఒక అక్క, ఇద్దరు తమ్ముళ్లు. అత్తయ్య "నాకు సూదిలో దారం ఎక్కుతోందిరా" అంటుంది. పెద్ద చిన్నాన్న "పిల్ల పెళ్లయ్యాక చూద్దాం" అంటున్నారు, నీటికాసులున్న ఇల్లని సంబంధం తప్పిపోతుందని భయం. చుక్కల చిన్నాన్న ఒక్కరే ఒప్పుకున్నారు.

శుక్రవారం పొద్దున్న పాసింజర్‌కి ఆయనా నేనూ వెళ్తున్నాం. చుక్కలు వేశాక ఆయనకి సాయంత్రం దాకా దగ్గరవి మసగ్గా ఉంటాయి, అందుకని నేను తోడు. అత్తయ్యకి టికెట్ తీసి ఉంచాను, ఇంకా చెప్పలేదు.