వజ్రాన్ని సుత్తితో కొట్టి చూడమనే ఆ మెసేజ్ గురించి

తొలకరి పడిందంటే చాలు, ఈ మెసేజ్ మళ్ళీ మొలుస్తుంది. "అసలైన వజ్రాన్ని ఇంట్లోనే గుర్తించండి" అని ఐదు సూత్రాలు. ఈ వారంలోనే మా చుట్టాల గ్రూపులో రెండుసార్లు, స్కూలు స్నేహితుల గ్రూపులో ఒకసారి వచ్చింది. చివర్లో "అందరికీ పంపండి, పేదలకు మేలు జరుగుతుంది" అని ఒక ముక్క. జరిగే కీడు నేను కళ్ళారా చూశాను.

మొదటి సూత్రం: "సుత్తితో కొట్టండి. పగిలితే గాజు, పగలకపోతే వజ్రం."

మా అమ్మమ్మగారి ఊరు కర్నూలు జిల్లా తుగ్గలి పక్కన. తొలకరి పడితే అక్కడి చేలల్లో వజ్రాలు బయటపడుతుంటాయి. రెండేళ్ల కిందట వేరుశనగ చేలో కలుపు తీస్తుంటే ఒకావిడకు శనగ గింజంత రాయి దొరికింది. ఫోనులో ఇదే మెసేజ్ చదివిన కొడుకు దాన్ని బండ మీద పెట్టి ఒక్క దెబ్బ వేశాడు. మూడు ముక్కలు, కాస్త పొడి. గాజే అనుకుని పారేయబోతుంటే ఎవరో ఆపి వ్యాపారికి చూపించారు. ఆయన భూతద్దంలోంచి చూసి, "వజ్రమేనమ్మా, ఎందుకు కొట్టారు?" అన్నాడు. ఆవిడ ఆ ముక్కల్ని కొంగున ముడేసుకుని అక్కడే చతికిలబడింది.

గట్టిదనం అంటే గీత పడకపోవడం. దెబ్బ తట్టుకోవడం వేరే సంగతి. పింగాణీ కప్పును స్పూనుతో గీస్తే ఏమీ కాదు, చేయి జారితే ముక్కలవుతుంది. పైగా వజ్రానికి నాలుగు దిశల్లో చీలే గుణం ఉంది. ఆ దిశలో తగిలితే చిన్న దెబ్బ చాలు. సానబట్టేవాళ్లు దీన్నే వాడుకునేవారు. 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన 3,106 క్యారెట్ల కలినన్ వజ్రాన్ని 1908లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎలా చీల్చారు? గాడి పెట్టి, అందులో ఉక్కు పలక నిలబెట్టి, కొట్టి! అది పగిలింది కాబట్టి గాజేనా? ఈ పరీక్షలో వజ్రం పోతుంది, పక్కనున్న పలుగురాయి నెగ్గినా నెగ్గుతుంది. పేదలకు మేలంటే ఇదేనా?

రెండోది: "నిప్పులో వేసినా వజ్రానికి ఏమీ కాదు." అవుతుంది. వజ్రమంటే కర్బనం. 1772లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజే ఎండను పెద్ద భూతద్దంతో కేంద్రీకరించి వజ్రాన్ని కాల్చి చూపించాడు. రాయి ఉన్న ఉంగరానికి టాంకం పెట్టాల్సివస్తే, తెలిసినవాళ్లు రాయి కాలకుండా ముందు దానికి బోరిక్ పౌడర్ పట్టిస్తారు.

మూడోది: "అసలు వజ్రం మట్టిలోనే ధగధగ మెరుస్తుంది, సాన ఖర్చు అంతా దోపిడీ." చేలో దొరికే వజ్రం చాలాసార్లు నూనె పూసిన పటిక ముక్కలా ఉంటుంది. మెరుపు కోతతో వస్తుంది. ప్రపంచంలోని వజ్రాల్లో అత్యధిక భాగం సానపట్టే సూరత్‌లో ముందు మిషన్‌తో రాయి లోపలి మచ్చల్ని చూస్తారు, ఎక్కడ కోస్తే ఎంత మిగులుతుందో లెక్కవేసి గుర్తు పెడతారు, లేజర్‌తో కోస్తారు, గుండ్రంగా అరగదీస్తారు. ఆ తర్వాత వజ్రపు పొడి, నూనె పూసిన ఇనుప చక్రం మీద ఒక్కో ముఖం తీస్తారు. గుండ్రటి కోతకు మామూలుగా 57 ముఖాలు. ఒకే రాయిలో ఒక దిశ ఎక్కువ గట్టిగా, ఇంకో దిశ తక్కువ గట్టిగా ఉంటుంది. అది తెలియనివాడు చక్రం మీద ఎంతసేపు పెట్టినా రాయి అరగదు. ఇంత చేశాక సగం బరువు పోవడం మామూలే. కోహినూర్‌ను 1852లో మళ్ళీ సానబడితే 186 క్యారెట్లది సుమారు 105కి దిగింది. చివర్లో పొదిగేటప్పుడు, రాయి అంచు మీదికి బంగారాన్ని వంచి నొక్కుతుండగా మూల ఎగిరిపోవచ్చు. ఇన్ని చేతుల పనిని దోపిడీ అనడానికి నోరెలా వచ్చింది?

నాలుగోది: "ల్యాబ్ వజ్రాలు గాజు ముక్కలే." కాదు, అవీ కర్బనమే, అవీ వజ్రాలే. తిరిగి అమ్మితే పెద్దగా డబ్బు రాదన్నది నిజం, కానీ అది వేరే గొడవ.

ఐదోది: "నోటి ఆవిరి ఊదితే వజ్రం మీద నిలవదు." దీన్ని కూడా కొట్టిపారేద్దామనే కూర్చున్నాను. కానీ ఇందులో విషయం ఉంది. వజ్రం రాగి కంటే బాగా వేడిని లాగేస్తుంది కాబట్టి ఆవిరి చప్పున ఆరిపోతుంది. షాపుల్లో వాడే చిన్న టెస్టర్ పెన్ను పనిచేసేదీ ఈ గుణం మీదే. వజ్రంలా కనిపించే మోయిసనైట్ అనే వేరే రాయి కూడా ఈ పరీక్షలో నెగ్గేస్తుంది, మట్టి పట్టిన ముడిరాయి మీద తేలడం కష్టం. అయినా ఊదితే రాయికి నష్టమేమీ లేదు.

ఫార్వర్డ్ చేయకుండా ఉండలేమంటే ఈ ఐదోది ఒక్కటీ ఉంచి, మిగతా నాలుగూ తీసేసి పంపండి. ముందు మొదటిది తీసేయండి.