నాలుగింటికి ముగిసే యుద్ధానికి ఓ లేఖ

బ్రిటన్‌లోని చరిత్ర మ్యూజియాల్లో శని, ఆదివారాలు నడిచే 'యుద్ధకాల జీవితం' కార్యక్రమం గారికి,

నమస్కారాలు. ఇక్కడ అంతా క్షేమం. మీ దగ్గరా క్షేమమే అయ్యుండాలి, లేకపోతే టికెట్లు అమ్మరు కదా.

మీరు చేసేది మంచి పనే. మీరు లేకపోతే రెండో ప్రపంచ యుద్ధమంటే పిల్లలు వీడియో గేమ్ అనుకునేవాళ్ళు. నా పేచీ అంతా మీ టైమ్‌టేబుల్‌తో. రెండింటికి సైరన్, రెండుంబావుకి షెల్టర్, మూడింటికి రేషన్ వంట, నాలుగింటికి విజయోత్సవం! ఇంత పద్ధతిగా యుద్ధం నడపడం ఏ సేనాపతి వల్లా కాలేదు.

1940 సెప్టెంబరు 7 నుంచి 57 రాత్రుల పాటు లండన్ మీద దాదాపు ప్రతి రాత్రీ బాంబులు పడ్డాయి. ఆ లెక్క తెలిసింది మనకే. ముప్పయ్యో రాత్రి పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని షెల్టర్లో కూర్చున్న తల్లికి, ఇంకో ఇరవయ్యేడు ఓర్చుకుంటే చాలమ్మా అని ఎవరూ చెప్పలేదు. మీ షెల్టర్లో మాత్రం పది నిమిషాలకే ప్రమాదం తప్పిపోతుంది. ఏం చేస్తాం, బయట తర్వాతి బ్యాచ్ నిలబడి ఉంటుంది.

రేషన్ వంట సంగతి. మనిషికి వారానికి రెండు ఔన్సుల టీ పొడి, సుమారుగా ఒక గుడ్డు అని బల్ల మీద పేర్చి చూపిస్తారు. జనం ముచ్చటపడి, డైటింగ్‌కి భలే ఉందే అనుకుంటూ, తిన్నగా మీ కేఫ్‌లో కేకు తినడానికి వెళ్తారు. రేషన్ మొదలైంది 1940 జనవరి 8న, పూర్తిగా ఎత్తేసింది 1954 జులై 4న. యుద్ధమంతా గడిచేదాకా ముట్టుకోని బ్రెడ్డుకి యుద్ధం ముగిశాక, 1946లో, రేషన్ పెట్టారు. విజయోత్సవం తర్వాత మరో తొమ్మిదేళ్ళు క్యూలో నిలబడాలని కరపత్రంలో వేస్తే ఎవరూ రారు, ఒప్పుకుంటాను.

అసలు కడుపుమంట మీ వేషాల బల్ల దగ్గర. 'మీ సేవను మీరే ఎంచుకోండి' అంటారు. పిల్లలు పైలట్ టోపీ కోసం కొట్టుకుంటారు. మిగిలినవాళ్ళకి నర్సు, సైనికుడు, గూఢచారి. బొగ్గు గని కూలీ వేషం ఏదండీ?

1943 డిసెంబరులో బ్రిటన్‌కి బొగ్గు చాలలేదు. గని కార్మికులు సైన్యంలోకి పోయారు. అప్పటి కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ పరిష్కారం కనిపెట్టాడు. టోపీలో సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెల చీటీలు వేసి తీయించేవారు. సైన్యానికి పిలుపొచ్చిన కుర్రాడి రిజిస్ట్రేషన్ నంబరు ఆ అంకెతో ముగిస్తే, తుపాకీ బదులు తట్టాబుట్టా సర్దుకుని గనిలోకి దిగాలి. స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళతో కలిపి దాదాపు 48 వేల మంది. వాళ్ళకి యూనిఫాం లేదు. అందుకని వీధిలో జనం 'యుద్ధానికి భయపడి దాక్కున్నావా' అనేవారు, పోలీసులు ఆపి అడిగేవారు. పతకాలు లేవు. కొందరికి 1948 దాకా విడుదలే లేదు. ప్రభుత్వానికి గుర్తొచ్చి ఒక బ్యాడ్జీ చేతిలో పెట్టింది 2008లో. అప్పటికి వాళ్ళలో చాలామంది లేరు, ఉన్నవాళ్ళు ఎనభై దాటినవాళ్ళు.

పొలాల్లో పనిచేసిన విమెన్స్ ల్యాండ్ ఆర్మీ ఆడవాళ్ళదీ ఇదే కథ. యుద్ధానంతర గ్రాట్యుటీ వాళ్ళకి దక్కలేదని 1945లో వాళ్ళ డైరెక్టర్ లేడీ డెన్మన్ రాజీనామా కూడా చేసింది. వాళ్ళు వేసుకున్న ఆకుపచ్చ స్వెట్టరు మాత్రం మీ బల్ల మీద ఉంది, ఫొటోకి బాగుంటుందని.

ఇక మీ షాపు. 'నిబ్బరంగా ఉండండి, పని కానివ్వండి' అనే ఎర్ర పోస్టరు కప్పుల మీద, తువ్వాళ్ళ మీద, చివరికి సబ్బుల మీద కూడా. 1939లో ప్రభుత్వంవాళ్ళు జనానికి ధైర్యం చెప్పడానికి దాన్ని లక్షల కొద్దీ అచ్చేసి, బయట పెట్టకుండానే చాలావరకు గుజ్జు చేసేశారు. 2000లో ఒక పాత పుస్తకాల దుకాణంలో దొరికాక గానీ లోకానికి తెలియలేదు. బాంబుల కింద బతికినవాళ్ళలో చాలామంది చూడని మాట మీ షాపులో వాళ్ళ గుండె చప్పుడై కూర్చుంది.

ఒక మనవి. వచ్చే వారం వేషాలు ఎవరినీ ఎంచుకోనివ్వకండి. గేటు దగ్గర ఒక టోపీ పెట్టి చీటీ తీయండి. టికెట్ నంబరు ఆ అంకెతో ముగిసినవాళ్ళకి ఫొటో లేదు, షెల్టర్ లేదు. హెల్మెట్ పెట్టి కింద చీకటి గదిలోకి దించండి. ఎప్పుడు పైకి రానిస్తారని అడిగితే మీకూ తెలియదని చెప్పండి. డబ్బులు వాపసు ఇమ్మని గొడవ చేస్తే, షాపులోంచి ఆ ఎర్ర పోస్టరు ఒకటి తెచ్చి చేతిలో పెట్టండి.

ఇట్లు,
రెండుంబావు బ్యాచ్‌లో ఒకడు