పర్సనాలిటీ అడ్జెక్టివ్‌ల జాబితా గారికి

అయ్యా,

మనిషి స్వభావం చెప్పే విశేషణాలే తమ సరుకు: ఎడమవైపు ఇంగ్లీషు, కుడివైపు తెలుగు, నడుమ ఒక గీత. లోకంలోని మనుషులందరినీ యాభై మాటల్లో ఇమిడ్చిన తమ పొదుపుకు జోహార్లు. 1936లో ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ అనే మనస్తత్వవేత్తలు ఇంగ్లీషు నిఘంటువును జల్లెడపట్టి, మనిషి తీరుతెన్నులు చెప్పే మాటలు దాదాపు 18 వేలు ఏరారు. పాపం, వాళ్లకు తమ పరిచయభాగ్యం కలగలేదు.

జెనరస్ పక్కనే స్టింజీని కూర్చోబెట్టడం తమకు మహా సరదా. రెండూ కొత్తవే, రెండూ ఒకే పూట బట్టీపడితే, వారం తిరిగేసరికి దాత ఎవరో పిసినారి ఎవరో తేలదు. మొదటిది నోట నానాక కొన్నాళ్లకు రెండోది తెస్తే ఈ తంటా ఉండదు, కానీ తమ పేజీ నిండదు కదా! ఇక అక్షరక్రమం పుణ్యమా అని సెన్సిబుల్, సెన్సిటివ్ ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడ్డాయి. ఒకరు ఆలోచించి అడుగేసేవారు, ఇంకొకరు చిన్నమాటకే నొచ్చుకునేవారు. సిఫారసు లేఖలో ఇవి తారుమారైతే ఉద్యోగం ఏమవుతుందో తమకెందుకు లెండి.

స్టబర్న్‌కూ డిటర్మిన్డ్‌కూ ఎదురుగా 'పట్టుదల గల' అనే రాశారు. మొదటిది మొండివాడని తిట్టడం, రెండోది మెచ్చుకోవడం. లేజీ అని ముఖాన కొట్టకుండా 'హీ కెన్ బీ ఎ బిట్ లేజీ', అంటే అప్పుడప్పుడు కాస్త బద్ధకిస్తాడు, అని మెత్తబరిచే మర్యాద కూడా తమ గళ్లలో పట్టలేదు.

పైగా ప్రశ్నే తెలియనివాడికి ఇన్ని జవాబులెందుకు? 'వాట్ ఈజ్ షీ లైక్' అంటే స్వభావం అడిగినట్టు, 'హౌ ఈజ్ షీ' అంటే కులాసా అడిగినట్టు, 'వాట్ డజ్ షీ లైక్' అంటే ఇష్టాలు అడిగినట్టు.

స్నేహం విషయానికొస్తే తమరు ఫ్రెండ్లీ, లాయల్ అని రెండు ముక్కలతో చేతులు దులుపుకున్నారు. అక్కడ బండి లాగేవి క్రియలు. తొలిచూపులోనే మనసులు కలిస్తే హిట్ ఇట్ ఆఫ్, పొసిగితే గెట్ ఆన్ విత్, మాటామాటా పెరిగి ఎడమైతే ఫాల్ అవుట్ విత్, మళ్లీ కలిస్తే మేక్ అప్. 'అవుట్ విత్' తీసి 'ఫర్' పెట్టారో, తగువు పడ్డవాడు కాస్తా ప్రేమలో పడతాడు! ఒక్కడితో స్నేహం కలిసినా మేక్ ఫ్రెండ్స్ అనే బహువచనమే. ప్రాణస్నేహితుడు క్లోజ్ ఫ్రెండేగానీ నియర్ ఫ్రెండ్ కాడు.

తమకు కోపం రాదంటే ఒక మనవి. కుడివైపున అర్థం బదులు ఒక పని రాయండి: రిలయబుల్ ఎదుట 'వస్తానన్న వేళకు వచ్చాడు' అని. రోజుకు ఐదారు మాటలు చాలు. మర్నాడొకసారి, నాలుగో రోజొకసారి, వారం దాటాక ఇంకోసారి, ఎడమవైపు చేత్తో మూసి, ఆ పనిని బట్టి మాటను గుర్తుచేసుకుని వాక్యంలో పెట్టాలి. వరసగా పదిసార్లు చదివితే వచ్చినట్టే ఉంటుంది, మూసిన తర్వాతే బండారం బయటపడుతుంది.

వచ్చే ముద్రణలో ఒక 'విత్'కైనా చోటిస్తారన్న ఆశతో,

తమ యాభై మాటలూ కంఠతా వచ్చి,
స్నేహితుడి గురించి ఒక్క వాక్యం రాని
విద్యార్థిలోకం