స్కోరు 750 దాటితే కార్డు ఇచ్చి తీరాలా?

ఈ నెల రోజుల్లో ఒకే మెసేజ్ నాకు ఐదు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో వచ్చింది, చివరికి మా పిన్ని వాళ్ల భజన మండలి గ్రూపులో కూడా వచ్చింది. అప్పులు ఎలా కడుతున్నామో చెప్పే సిబిల్ స్కోరు గురించి అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ:

"సిబిల్ స్కోరు 750 దాటిన వాళ్లకు క్రెడిట్ కార్డు ఇవ్వను అనే హక్కు ఏ బ్యాంకుకూ లేదు, ఇది ఆర్‌బీఐ రూల్. రిజెక్ట్ అయిందంటే సిబిల్ వాళ్లు మిమ్మల్ని బ్లాక్ చేశారని అర్థం. బ్యాంకు కారణం చెప్పదు, చెప్పాల్సిన పనీ లేదు. ఒకచోట రాకపోతే అదే వారం ఇంకో నాలుగైదు బ్యాంకుల్లో అప్లై చేయండి. పాత కార్డులు మూసేయండి, కొత్తది తొందరగా వస్తుంది. స్కోరు మాటిమాటికీ చూసుకోకండి, చూసినప్పుడల్లా తగ్గుతుంది. స్కోరు సరిచేయించుకోవాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి."

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పదకొండేళ్లుగా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తున్నాను. రిటర్ను పని మీద వచ్చినవాళ్లే లోన్ కాగితాలు, క్రెడిట్ రిపోర్టులు కూడా నా టేబుల్ మీద పెట్టి "ఇది కూడా ఒకసారి చూడన్నా" అంటారు. ఈ మెసేజ్ చెప్పినట్టు చేసి ఉన్నది పాడుచేసుకున్నవాళ్లు ఈ మధ్య ముగ్గురు వచ్చారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

మొదటిది, ఆర్‌బీఐ రూల్. అలాంటి రూల్ లేనే లేదు. లోన్లకు కనీస స్కోరు ఇంత ఉండాలని ఆర్‌బీఐ ఏమీ నిర్ణయించలేదని 2025 ఆగస్టులో ఆర్థిక శాఖ పార్లమెంటులోనే చెప్పింది. ఇంత స్కోరు ఉంటే ఇచ్చి తీరాలన్న రూల్ కూడా ఎక్కడా లేదు. క్రెడిట్ కార్డు అంటే తాకట్టు లేకుండా ఇచ్చే అప్పు. ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అన్నది బ్యాంకు ఇష్టం. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లినా, బ్యాంకు తీసుకున్న వ్యాపార నిర్ణయం మీద ఫిర్యాదును విచారణకు తీసుకోరు. పైగా 2023 నవంబరులో ఆర్‌బీఐ కార్డు బకాయిల రిస్క్ వెయిట్‌ను బ్యాంకులకు 125 శాతం నుంచి 150 శాతానికి పెంచింది. అంటే కార్డు మీద ఇచ్చే ప్రతి రూపాయికీ బ్యాంకు అంతకు ముందుకన్నా ఎక్కువ సొంత మూలధనం పక్కన పెట్టుకోవాలి. అలాంటప్పుడు అప్లికేషన్లను మరింత గట్టిగా జల్లెడ పడతారు కదా.

మరి స్కోరు 780 ఉన్నా ఎందుకు కాదంటారు? అసలు తెలుసుకోవాల్సింది ఇక్కడే ఉంది. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉండే ఒక అంకె. ఇప్పటిదాకా తీసుకున్న అప్పులు ఎలా కట్టారో అది చెబుతుంది. మీ జీతం ఎంతో దానికి తెలియదు. మీరు కంపెనీ సొంత ఉద్యోగా, కాంట్రాక్టు మీద ఉన్నారా అన్నదీ, ఇల్లు మారారా అన్నదీ తెలియదు. ఆ లెక్కలన్నీ బ్యాంకు విడిగా వేసుకుంటుంది.

వనస్థలిపురంలో ఒక టీచరమ్మ ఉన్నారు, ప్రైవేటు స్కూల్లో చెబుతారు. స్కోరు 790. జీతం 32,000, కానీ అందులో 18,000 మాత్రమే బ్యాంకులో పడుతుంది, మిగతాది స్కూలువాళ్లు కవర్లో పెట్టి చేతికిస్తారు. ఈ ఊళ్లో ఇలాంటి ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. బ్యాంకు చూసేది స్టేట్‌మెంటు. అందులో కనబడేది 18,000. ఆవిడ ఒక్క ఈఎంఐ కూడా తప్పలేదు, అయినా కార్డు రాలేదు. తప్పు ఆవిడది కాదు, సిబిల్‌దీ కాదు. చివరికి ఆవిడ 30,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని మీద ఇచ్చే కార్డు తీసుకున్నారు.

ఇంకో లెక్క చూడండి. నెలకు 45,000 చేతికి వచ్చే కుర్రాడు. పర్సనల్ లోన్‌కు 11,500, బండికి 6,200, ఫోన్‌కు 3,100. మొత్తం 20,800. ఒక్కరోజు కూడా లేటు చేయడు కాబట్టి స్కోరు బ్రహ్మాండంగా ఉంది. కానీ జీతంలో 46 శాతం ఈఎంఐలకే పోతోంది. చాలా బ్యాంకులు 40, 50 శాతం దగ్గర చెయ్యి ఆపేస్తాయి. షోరూములో "నో కాస్ట్ ఈఎంఐ" అని తీసుకున్న టీవీ కూడా రిపోర్టులో లోన్‌గానే కనిపిస్తుంది. యాప్‌లో ఇప్పుడు కొని తర్వాత కట్టే చిన్న చిన్న అప్పులు కూడా చాలాసార్లు ఒక్కోటి ఒక్కో లోన్‌గా పడతాయి. చాలామందికి ఈ సంగతి తెలియదు.

వాడకం కూడా అంతే. 60,000 లిమిట్ ఉన్న కార్డు మీద బిల్లు 52,000 వచ్చింది. గడువులోపు పూర్తిగా కట్టేశారు. మీ దృష్టిలో మీరు పద్ధతిగా ఉన్నారు, నిజమే. కానీ రిపోర్టుకు మామూలుగా వెళ్లేది బిల్లు తయారైన నాటి బకాయి. ఆ లెక్కన లిమిట్‌లో 87 శాతం వాడేసిన మనిషిగా కనబడతారు. కొత్త కార్డుకు అప్లై చేసే ముందు రెండు మూడు నెలలు, బిల్లు తేదీకి ముందే కొంత కట్టేసి 30 శాతం లోపు ఉంచండి.

ఉద్యోగం సంగతి చెప్పకుండా వదలలేను. మాదాపూర్‌లో ఒక పెద్ద కంపెనీ గేటు దాటి లోపలికి వెళ్లి పనిచేసేవాళ్లలో ఎంతోమంది థర్డ్ పార్టీ పేరోల్ మీద ఉంటారు. మెడలో ఐడీ కార్డు ఒక పేరుతో, పే స్లిప్పు ఇంకో పేరుతో. బ్యాంకులు కంపెనీలను తమ లెక్క ప్రకారం తరగతులుగా విడదీసి పెట్టుకుంటాయి. పే స్లిప్పు మీద ఉన్న పేరు ఆ జాబితాలో లేకపోయినా, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలే అయినా, అప్లికేషన్ అక్కడే ఆగొచ్చు. కార్డు ఇచ్చే పిన్‌కోడ్‌లు ఇవీ అని కూడా కొన్ని బ్యాంకులు జాబితా పెట్టుకుంటాయి.

రెండోది, సిబిల్ బ్లాక్ చేస్తుందన్నది. సిబిల్ ఎవరినీ బ్లాక్ చేయదు. అది 2000లో మొదలైన ఒక కంపెనీ. ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్ అంటారు. ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఇదే పని చేస్తాయి. బ్యాంకులు పంపిన వివరాలను దాచి, అడిగిన బ్యాంకుకు చూపిస్తాయి, అంతవరకే. ఇవ్వాలా వద్దా అన్న మాట వీటి నోటి నుంచి రాదు. అయితే రిపోర్టులో ఒక్క పదం మాత్రం మనుషులను ఏళ్ల తరబడి వెంటాడుతుంది: "సెటిల్డ్". రికవరీ ఏజెంటు వచ్చి, 40,000 బకాయికి 22,000 కట్టండి, క్లోజ్ చేసేద్దాం అంటాడు. మనం హమ్మయ్య అనుకుంటాం. రిపోర్టులో అది "క్లోజ్డ్" అని పడదు, "సెటిల్డ్" అని పడుతుంది. తర్వాత బాగా కట్టుకుంటూ వస్తే స్కోరు మెల్లగా పైకి లేస్తుంది. ఆ పదం మాత్రం కదలదు. కొత్త బ్యాంకువాళ్లు చూసేది దాన్నే.

ఇక కారణం చెప్పాల్సిన పని లేదన్న మాట. ఈ మెసేజ్‌లో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే, ఎందుకంటే ఉన్న హక్కును లేదని చెబుతోంది. 2022 ఏప్రిల్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన కార్డుల మార్గదర్శకాలు ఆ జూలై నుంచి అమల్లోకి వచ్చాయి. అప్లికేషన్ తిరస్కరిస్తే ఏ కారణంతో తిరస్కరించారో నిర్దిష్టంగా, రాతపూర్వకంగా తెలియజేయాలని వాటిలో ఉంది. ఇచ్చి తీరాలన్న రూల్ లేదు, ఎందుకు ఇవ్వలేదో చెప్పి తీరాలన్న రూల్ ఉంది.

మిర్యాలగూడ నుంచి వచ్చి నిజాంపేటలో ముగ్గురు స్నేహితులతో ఫ్లాటులో ఉండే ఒక అబ్బాయి పోయిన నెల నా దగ్గరకు వచ్చాడు. స్కోరు 781. "స్కోరు మంచిగనే ఉంది గదన్నా, మరెందుకు ఇస్తలేరు?" అన్నాడు. బ్యాంకు నుంచి వచ్చిన మెయిల్లో "మా అంతర్గత విధానాల ప్రకారం" అని ఒక్క ముక్క ఉంది. అది కారణం కాదు. అప్లికేషన్ నంబరు, తేదీ వేసి, నిర్దిష్ట కారణం రాతలో ఇవ్వమని బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఇద్దరం కూర్చుని నాలుగు లైన్ల మెయిల్ రాశాం. పన్నెండో రోజు జవాబు వచ్చింది: ఇంటి చిరునామా వెరిఫికేషన్ కుదరలేదు.

ఆ రోజు ఏం జరిగిందో వాచ్‌మన్‌ను అడిగితే తెలిసింది. వెరిఫికేషన్‌కు వచ్చిన మనిషి పాన్ కార్డులో ఉన్నట్టు ఇంటి పేరుతో సహా పూర్తి పేరు చదివి, ఈయన ఏ ఫ్లాట్ అని అడిగాడు. మన వాడిని ఆ బిల్డింగులో అందరూ చిన్నా అనే పిలుస్తారు. అద్దె అగ్రిమెంటు వేరే స్నేహితుడి పేరు మీద ఉంది. "ఆ పేరుతోని ఈడ ఎవరు లేరు సార్" అన్నాడు వాచ్‌మన్. ఆయన చెప్పింది ఆయనకు తెలిసిన నిజమే. వచ్చినాయన రాసుకుని వెళ్లిపోయాడు. ఆ రిజెక్షన్‌కు, స్కోరుకు ఏ సంబంధమూ లేదు.

కానీ మెయిల్ రాసే ముందే ఆ అబ్బాయి మెసేజ్‌లోని నాలుగో సలహా పాటించేశాడు. ఒక్క వారంలో ఐదు బ్యాంకులకు అప్లై చేశాడు. ప్రింటు తీసి చూస్తే రిపోర్టు చివరి పేజీలో ఎంక్వైరీల పట్టికలో ఆరు లైన్లు వరసగా ఉన్నాయి, అన్నీ ఒకే నెలవి. మనం అప్లై చేసినప్పుడు బ్యాంకు తీసే ప్రతి రిపోర్టూ అక్కడ పడుతుంది. తర్వాత చూసే బ్యాంకుకు అది ఎలా అనిపిస్తుంది? ఈయనకు డబ్బు చాలా అవసరంగా ఉన్నట్టుంది, ఎవరూ ఇవ్వడం లేదు అని. అతని స్కోరు 781 నుంచి 752కి దిగింది. ఒక చిరునామా సమస్య కాస్తా రెండు సమస్యలయింది. ఒకచోట కాదన్నారంటే ఆగాలి, కారణం అడగాలి, దాన్ని సరిచేసుకుని కనీసం మూడు నుంచి ఆరు నెలల తర్వాత, అదీ జీతం పడే బ్యాంకులో ముందు అప్లై చేయాలి.

పాత కార్డులు మూసేయమన్న సలహా చాలామందికి నష్టమే. 1,40,000 లిమిట్‌ది ఒకటి, 60,000 లిమిట్‌ది ఒకటి ఉన్నాయనుకోండి. నెలకు 50,000 వాడితే మొత్తం లిమిట్‌లో 25 శాతం. పెద్దది మూసేస్తే అదే ఖర్చు 83 శాతం అవుతుంది. ఒక్క సందర్భంలో మాత్రం ఈ మాట పనికొస్తుంది. జీతానికి మించి నాలుగైదు కార్డుల లిమిట్లు పేరుకుపోయి, బ్యాంకు ఆ కారణమే రాసి పంపితే, వాడనిది ఒకటి మూసుకోవచ్చు.

స్కోరు చూసుకుంటే తగ్గుతుందన్నది పూర్తిగా అబద్ధం. మనది మనం చూసుకుంటే స్కోరు మీద ప్రభావం ఉండదు. బ్యాంకు తీస్తేనే ఎంక్వైరీ లెక్కలోకి వస్తుంది. సిబిల్‌తో కలిపి పైన చెప్పిన నాలుగు కంపెనీల దగ్గరా ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. మన రిపోర్టును ఎవరైనా తీస్తే మనకు ఎస్ఎంఎస్ గానీ మెయిల్ గానీ రావాలి. మీరు అప్లై చేయని చోటు నుంచి అలాంటిది వస్తే తేలిగ్గా తీసుకోకండి, మీ పాన్ నంబరును ఎవరో వాడుతున్నారేమో చూడండి.

ఆఖరిది ఆ ఫోన్ నంబరు. మెసేజ్ మొత్తం దీనికోసమే తిరుగుతోందని నా నమ్మకం. భయపెట్టి, హక్కులు లేవని చెప్పి, చివర్లో నంబరు ఇస్తే ఫోన్ చేయకుండా ఎవరుంటారు? ఆ నిజాంపేట అబ్బాయి కూడా చేశాడు. 6,000 అడిగారు, పాన్ కార్డు ఫొటో అడిగారు, వచ్చే ఓటీపీ చెప్పమన్నారు. ఓటీపీ దగ్గర అనుమానం వచ్చి ఆగిపోయాడు, అదృష్టం. నిజంగా జరిగిన లేటు పేమెంటును డబ్బు తీసుకుని తుడిచేయగల మనిషి ఎవరూ లేరు. తప్పుగా పడింది ఉంటే సరిచేయించుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఆ రిపోర్టు ఇచ్చిన సిబిల్ లాంటి కంపెనీ వెబ్‌సైటులోనే డిస్ప్యూట్, అంటే ఇది తప్పు అని అభ్యంతరం, వేయొచ్చు. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. మనం ఇచ్చిన ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. అక్కడా ఫీజు లేదు. 14448కి ఫోన్ చేస్తే ఎలా రాయాలో చెబుతారు.

నిజాంపేట అబ్బాయి అద్దె అగ్రిమెంటులో తన పేరు కూడా చేర్పించాడు. ఆధార్‌లో మిర్యాలగూడ చిరునామా తీసేయించి ఇక్కడిది పెట్టించాడు. కింద వాచ్‌మన్ దగ్గరుండే రిజిస్టర్లో ఫ్లాట్ నంబరు పక్కన ఇంటి పేరుతో సహా పూర్తి పేరు రాసి, ఆయనకు ఒకటికి రెండుసార్లు చదివి వినిపించి వచ్చానని చెప్పాడు. ఆరు నెలలు ఆగి, జీతం పడే బ్యాంకులో ఒక్కచోటే వేస్తానన్నాడు.